సరిహద్దు రాయికి ఇవతల

మా ఎదురింటి సర్వేయర్ పోయాడన్న కబురు నాకు టెక్కలిలో తెలిసింది. ఆ ఉదయం నేను టెక్కలి వెళ్లిందే అతని పని మీద. ప్లీడరు గారి ముందు కూర్చుని, కల్వర్టు దగ్గర మళ్లీ కొలతలు వేయించమని అడిగే అర్జీ చదివి వినిపిస్తున్నాను. ఫోను మోగింది. కాశీబుగ్గ నుంచి మా పక్కింటావిడ. సర్వేయర్ గారు అరుగు మీదే ఒరిగిపోయారని, ఆస్పత్రికి తీసుకెళ్తే అయిపోయిందన్నారని చెప్పింది. ప్లీడరు గారు నా ముఖం చూశారు. ముందున్న కాగితాలు సర్ది, కట్టకి దారం చుట్టారు. "ఇక ఈ అర్జీతో పని లేదమ్మా" అన్నారు.

మీలో చాలామందికి అతను తెలియడు. తెలిసే అవకాశమూ లేదు, అతని పేరు ఒక్కసారే పేపర్లో పడింది, అది సస్పెండైన రోజు. ఇంతెత్తు ఫొటో వేసి, పక్కన 'అవినీతి' అన్న మాట కూడా వేశారు. పోయినప్పుడు మాత్రం ఎవరూ వెయ్యలేదు. అందుకే నేను రాస్తున్నాను.

అతను నాకు రక్తసంబంధం కాదు. మా వైపు అక్కని పిలిచినట్టు నన్ను 'అప్పా' అని పిలిచేవాడు, నేను 'తమ్ముడూ' అనేదాన్ని, అంతే. నేను సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగిపోయిన మనిషిని. నోరు కొంచెం పెద్దది, రూల్సు ఇంకా మర్చిపోలేదు. మా వీధిలో ఎవరికి నోటీసొచ్చినా, పింఛను ఆగినా ముందు నా గుమ్మం తొక్కి, ఆ తర్వాతే ప్లీడరు దగ్గరికి వెళ్తారు. అలాగే అతనూ వచ్చాడు.

మా వీధిలో దిగిందే సస్పెండయ్యాక. ఉద్యోగం మందసలో. సొంతూరు వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి, తమ్ముడు వేటకి వెళ్లినవాళ్లే. ఆ ఇంట్లో నేల కొలవడం నేర్చుకున్నవాడు ఇతనొక్కడు. అక్కడెక్కడో సముద్రం వైపు ఒక జీడితోట కొలిచాడట. ఆ కొలత ఎవరికో నచ్చలేదు. ఫిర్యాదు వెళ్లింది, ఆర్డరు వచ్చింది. ఫిర్యాదులో ఏముందో అతనికి ఎవరూ చూపించలేదు. విచారణ పెండింగులో ఉంది కాబట్టి సస్పెండు చేస్తున్నామన్నారు. ఏ విచారణ, ఎవరు చేస్తున్నారు అంటే జవాబు లేదు.

సస్పెన్షన్ ఆర్డర్లలో చివర ఒక వాక్యం ఉంటుంది. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు అని. అతనికి హెడ్‌క్వార్టర్స్ పలాస అని రాశారు, మా కాశీబుగ్గ అందులో భాగమే. నా సర్వీసులో సస్పెండైన వాళ్లని చాలామందిని చూశాను. ఆ వాక్యాన్ని పట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు. ఒకాయన ఆ తీరికలో సొంతిల్లు కట్టుకుని, గృహప్రవేశానికి సస్పెండు చేసిన ఆఫీసరునే పిలిచాడు. ఇతను మాత్రం ట్రంకు పెట్టె, గొడుగు, మడత కుర్చీ పట్టుకుని వచ్చి మా ఎదురింటి ముందు గది అద్దెకి తీసుకున్నాడు. భార్య రాలేదు. అతని తల్లి మంచం మీద ఉంది, ఆవిణ్ణి వదిలి రావడానికి లేదు.

వచ్చిన కొత్తలో నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది: "హెడ్‌క్వార్టర్స్ అంటే ఎక్కడిదాకా అప్పా?"

నేను నవ్వేశాను. పలాస అంటే పలాస, దానికి గీత ఎవరు గీశారు అన్నాను. అతను నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గీతలతో బతికిన మనిషి. ఎక్కడో ఒకచోట గీత ఉండకపోతే ఎలాగన్నాడు. చివరికి తనే తేల్చుకున్నాడు. వజ్రపుకొత్తూరు రోడ్డులో ఒక కల్వర్టు ఉంది. దాని పక్కన తుప్పల్లో పాత సరిహద్దు రాయి. రాయికి ఇటు పలాస మండలం, అటు వాళ్ల మండలం. ఆ రాయే తన గీత అన్నాడు.

అప్పట్నుంచీ వారానికోసారి సాయంత్రం ఆటోలో ఆ కల్వర్టు దాకా వెళ్లేవాడు. అవతలి వైపు నుంచి భార్య వచ్చేది. ఆవిడ గీత దాటి ఇటు రావచ్చు, ఆవిడకేం ఆంక్ష లేదు. కానీ ఆవిడ కూడా రాయి దగ్గరే ఆగిపోయేది. మొగుడు ఆగిన చోట నేను మాత్రం ఎలా దాటతానప్పా అంది ఒకసారి. చేపల కూర క్యానూ ఉతికిన బట్టలూ ఆ రాయి మీదుగా చేతులు మారేవి. నేనొక రోజు తోడు వెళ్లి చూశాను. కొబ్బరి తోటల మీంచి గాలి కొడుతోంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, అమ్మ మందుల సంగతి, తమ్ముడి వలల సంగతి మాట్లాడుకుంటున్నారు. జైలు ములాఖత్ కూడా ఇంత నియమంగా జరగదనిపించి నాకు ఒళ్లు మండింది.

తిరిగొస్తూ ఆటోలోనే తిట్టాను. "ఒక గంట ఇంటికెళ్లి అమ్మని చూసి వచ్చేస్తే ఎవడికి తెలుస్తాది తమ్ముడూ?"

అతను వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఆల్ల దగ్గిర నా మీద ఏటీ నేదప్పా. ఉంటే ఈపాటికి కాయితం ఇచ్చీసుందురు. నాను ఏదో ఒకటి సేసీదాకా సూత్తన్నారు."

నేను కొట్టిపారేశాను. సస్పెండైన మనిషికి గోడ కూడా పోలీసులాగే కనిపిస్తుందని వేళాకోళం చేశాను.

అతని రోజు చూస్తే మీకూ నవ్వొచ్చేది, తర్వాత నవ్వు ఆగిపోయేది. ఆఫీసు వేళకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గొడుగు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఆఫీసు వదిలే వేళకి లేచి లోపలికి వెళ్లి లుంగీ కట్టుకునేవాడు. ఎందుకూ అంటే పిలుపు వస్తే వెంటనే బయల్దేరాలి కదా అనేవాడు. మా వీధిలో ఆడవాళ్లు జీడిపప్పు పొట్టు తీస్తూ కబుర్లాడుతుంటే దగ్గర కూర్చునేవాడు గానీ, చేతులు మాత్రం ఒళ్లోనే ఉండేవి. ఒక గింజ తీసిన పాపాన పోలేదు. వేరే ఏ పనీ చెయ్యడం లేదని నెలనెలా రాసిస్తేనే ఆ అరకొర భత్యం చేతికి వస్తుంది. సంతకం పెట్టాక అబద్ధం కాకూడదని అతని పట్టుదల.

ఒకసారి పక్కింటావిడకీ వెనకింటివాళ్లకీ గోడ తగువు వచ్చింది. సర్వేయర్ ఇంటి ముందే ఉండగా ఇంకొకణ్ణి పిలవడం ఎందుకని, కొలిచి చెప్పమని ఆవిడ అడిగింది. వద్దన్నాడు. కొలవకపోతే పోయె, ఈ టేపు చివర కాస్త పట్టుకోండి, మా అబ్బాయి కొలుస్తాడు అంది. అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "అదీ పని కిందకే వత్తాదమ్మా" అన్నాడు. కానీ గోడ కొలుస్తున్నంతసేపూ అక్కణ్ణుంచి కదల్లేదు. టేపు వదులైనప్పుడల్లా అతని భుజం కదిలేది. అంత ఆకలిగా టేపు వైపు చూసిన మనిషిని నేనింకొకణ్ణి చూడలేదు.

ఆ మర్నాడు నేనే అతన్ని కూర్చోబెట్టి రూలు విప్పి చెప్పాను. సస్పెన్షన్ శిక్ష కాదు, ప్రతి పుస్తకంలోనూ ఆ మాటే ఉంటుంది. శిక్ష కాదు కాబట్టే దానికి అంతు ఉండాలి. మూడు నెలల్లోగా అభియోగపత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్ సాగదియ్యకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అభియోగపత్రం ఇచ్చాక కూడా సాగదియ్యాలంటే కారణాలు రాయాలి. ఇతనికి ఆ గడువు వానల్లోనే దాటిపోయింది. రివ్యూ పేరుతో ఒక కాగితం వచ్చింది, 'ప్రజాప్రయోజనం దృష్ట్యా కొనసాగించడమైనది' అని. ఇంకొకటి వచ్చింది, తేదీ తప్ప అక్షరం మారలేదు.

"శిక్ష కాదంట. శిక్షైతే రోజులు సెప్తారు కదప్పా" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు చెవిలో గుయ్యిమంది.

హైకోర్టుకి వెళ్దామంటే ముందు భయపడ్డాడు. కోర్టుకెళ్తే ఇంకా కక్ష కడతారన్నాడు. నేను పోరు పెట్టాను. వచ్చే ఏడు రిటైర్మెంటు ఉంది, ఇలాగే దిగిపోతావా అని అడిగాను. అప్పుడు బయటపెట్టాడు మనసులో మాట.

"ఒక్కరోజప్పా. ఒక్కరోజు సంతకం ఎట్టి, కొలిసే గొలుసు పట్టుకుని, డ్యూటీ సేసి దిగాల. నేకపోతే మా వూల్లో నాను దొంగగానే సచ్చిపోతాను."

అతనికి కావలసింది అంతే. బకాయి జీతం గురించి, పింఛను గురించి నేనెంత చెప్పినా తలూపేవాడు, మళ్లీ ఆ ఒక్కరోజు దగ్గరికే వచ్చేవాడు. టెక్కలికి వెళ్లాలన్నా అనుమతి కావాలన్నాడు కాబట్టి ప్లీడరు గారినే కాశీబుగ్గ రప్పించాను. ఆయన కాగితాలు చూసి, గడువు దాటింది, అభియోగం లేదు, ఇది నిలబడదు అన్నారు. పిటిషను వేశాం. వాయిదా తేదీ ఇచ్చారు. ఆ వారం అతను కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

వాయిదాకి కొద్ది రోజుల ముందు వాళ్లమ్మ పోయింది.

అనుమతి కోరుతూ అర్జీ నేనే రాశాను. ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. పైవారి పరిశీలనకి పంపుతామన్నారు. తల్లి శవం ఇంట్లో ఉందండీ అంటే, పంపుతామన్నాం కదమ్మా అన్నారు. మధ్యాహ్నం దాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను. జవాబు రాలేదు. తిరిగొచ్చి, తమ్ముడూ, నువ్వు వెళ్లిపో, నేను చూసుకుంటాను అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. వాయిదా దగ్గర పడింది, ఇప్పుడే కదా వాళ్లు చూసేది అన్నాడు. మా అమ్మకి నాను మళ్లీ డ్యూటీలో ఉండడమే కావాలి అన్నాడు.

ఈ కబురు పల్లెకి చేరింది. వాళ్లు కోప్పడతారనుకున్నాను. కొడుకు రాలేకపోతే తల్లినే తీసుకెళ్దాం అనుకున్నారు వాళ్లు.

మేము కల్వర్టు దగ్గరికి వెళ్లేసరికి ట్రాలీ ఆటోలో పాడె వచ్చి ఉంది. వేట మానేసి వచ్చిన మగవాళ్లు రోడ్డు పొడుగునా నిలబడ్డారు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. పాడెని రాయికి అవతల దించారు. పెద్దకొడుకు కుండ భుజాన పెట్టుకుని తల్లి చుట్టూ తిరగాలి. తిరిగితే సగం అడుగులు అవతల పడతాయి. అతను కుండతో అలాగే నిలబడిపోయాడు. అప్పుడు వాళ్ల తమ్ముడు ఒక్క మాట అన్నాడు, "అమ్మని ఇటు జరపండ్రా." నలుగురు పాడె ఎత్తి రాయికి ఇవతల, పలాస మండలంలో పెట్టారు. అతను తిరిగాడు, కాళ్లకి మొక్కాడు. మళ్లీ వాళ్లే ఎత్తుకుని వెళ్లిపోయారు. కొరివి వాళ్ల తమ్ముడే పెట్టాడు. పొద్దు వాలేటప్పుడు కొబ్బరి తలల మీద పొగ కనిపించేదాకా ఇతను అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ గుంపులో ఒకడు ఏడవకుండా, మొయ్యకుండా, బైకు మీదే కూర్చుని ఫోను ఎత్తి పట్టుకున్నాడు. నేను చూశాను. పల్లెవాళ్లలో ఎవరో అనుకున్నాను. తర్వాత అడిగితే, మావాడు కాదప్పా, మీ వైపు నుంచి వచ్చినోడు అనుకున్నాం అన్నారు.

వాయిదాకి ముందు రోజు అభియోగపత్రం వచ్చింది. అన్ని నెలలు రానిది ఆ రోజు వచ్చింది. జీడితోట ఊసు లేదు, కొలతల ఊసు లేదు. ఒకటే అభియోగం. సస్పెన్షన్‌లో ఉండగా, అనుమతి లేకుండా, ఫలానా రోజున హెడ్‌క్వార్టర్స్ విడిచి స్వగ్రామ పరిధిలో తల్లి అంత్యక్రియల్లో పాల్గొన్నాడు. జతగా ఫొటో. ఫొటోలో అతను కుండతో ఉన్నాడు, వెనక కొబ్బరి చెట్లు ఉన్నాయి, రాయి లేదు.

అతను అన్నమాట అన్నట్టే జరిగింది. కోర్టులో అటువైపు వాళ్లు అభియోగపత్రం ఇచ్చేశామన్నారు. పత్రం ఇవ్వలేదన్నదే మా పిటిషను నిలబడ్డ కాలు, అది పోయింది. సస్పెన్షన్ సంగతి మళ్లీ పరిశీలించమని చెప్పి కోర్టు ముగించింది. వాళ్లు పరిశీలించారు. ఈసారి రాయడానికి కారణం కూడా ఉంది, నిబంధన ఉల్లంఘించాడు కాబట్టి కొనసాగించడమైనది.

నేను ఆ రోజు అన్నం తినలేదు. అతను మాత్రం చాలా నెలల తర్వాత తేలిగ్గా కనిపించాడు. ఇన్నాళ్లూ గాలితో తగువు, ఇప్పుడు కొలతల తగువు అన్నాడు. తను ఎక్కడ నిలబడ్డాడో కొలిస్తే తేలిపోతుంది. కొలవడంలో తనని ఎవరూ ఓడించలేరు. రాయి చూపిస్తానంటూ నన్ను వెంటబెట్టుకుని కల్వర్టుకి వెళ్లాడు.

రాయి లేదు. అది ఉన్న చోట గొయ్యి ఉంది, అడుగున కొత్త ఇసక. చుట్టూ తుప్పలు కొట్టేసి ఉన్నాయి. రోడ్డు వెడల్పు పనులవాళ్లు తీశారేమో అని టీ బడ్డీ అతను అన్నాడు, అంటూ మా వైపు చూడకుండా గ్లాసులు కడిగాడు. రోడ్డు పని చేసినట్టు మరెక్కడా గుర్తు లేదు. దూరంగా ఒక బైకు ఆగి ఉంది.

అతను గొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి పెట్టలేదు. "రాయి పోతే గీత పోదప్పా. అటూ ఇటూ రాల్లు ఉన్నాయి. ఎవుడో ఒక సర్వేయర్ వచ్చి గొలుసు లాగితే ఇది ఎక్కడుందో అదే సెప్పుతాది" అన్నాడు.

సర్వేయర్ కోసం అర్జీ పెట్టాం. ఇంకొకటి పెట్టాం. సిబ్బంది లేరన్నారు, ఎండలు తగ్గనివ్వండి అన్నారు, పరిశీలనలో ఉందన్నారు. అతనితో కలిసి చదువుకున్నవాళ్లూ, అతని గొలుసు మోసినవాళ్లూ ఫోను ఎత్తడం మానేశారు. ఒకాయన మాత్రం ఎత్తి, అన్నా, నాక్కూడా పిల్లలున్నారు అని పెట్టేశాడట. అతను వాళ్లని ఒక్క మాట అనలేదు. నేను మాత్రం అందరి తరఫునా సరిపోయినంత తిట్టాను.

ఎండాకాలమంతా అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులైంది. అన్నం సగంలో లేచిపోయేవాడు. ఆస్పత్రికి పద అంటే, విశాఖ వెళ్లమంటారు, దానికి మళ్లీ అనుమతి అనేవాడు. ఆ ఉదయం నేను టెక్కలి బయల్దేరుతుంటే చెయ్యెత్తి, "గొలుసు లాగమని గట్టిగా రాయించప్పా" అన్నాడు. తల దువ్వుకుని ఉన్నాడు. కోర్టు వాయిదాకని కుట్టించుకున్న కొత్త చొక్కా ఆ రోజు తొడుక్కున్నాడు, ఎందుకో నేనడగలేదు.

అతన్ని తీసుకెళ్లే వ్యాను వెనకే నేనూ వెళ్లాను. కల్వర్టు దగ్గర పల్లె మొత్తం నిలబడి ఉంది, గొయ్యికి అవతల. ఒక్కరూ ఇటు అడుగు వెయ్యలేదు. డ్రైవరుకి సంగతి తెలియదు, వేగం తగ్గించకుండా దాటేశాడు. వ్యాను దాటిన ఆ క్షణంలో నాకు తెలియకుండానే రోడ్డు పక్కలకి చూశాను, ఎవరైనా ఫొటో తీస్తున్నారా అని.

పెద్దకర్మ రోజున మళ్లీ వెళ్లాను. భోజనాలయ్యాక అతని భార్య పక్కన కూర్చుని, చెప్పాల్సింది చెప్పాను. రూల్సులో ఒక రూలుంది. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి విచారణ పూర్తికాకుండా చనిపోతే, కేసు అతనితోనే పోతుంది. సస్పెండైన రోజు నుంచి పోయిన రోజు దాకా మొత్తం కాలం డ్యూటీ కిందే లెక్క. బతికుండగా అతను అడిగింది ఒక్కరోజు. చచ్చిపోయాడు కాబట్టి అన్ని రోజులూ ఇచ్చేస్తారు. ఈ రూలు నాకు ముందే తెలుసు, ఏ నోటితో చెప్పను? ఇప్పుడు చెబుతుంటే నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"అయితే అప్పా, మా అత్త ఎలిపోయిన రోజు కూడా మా ఆయన డ్యూటీలోనే ఉన్నట్టా?"

"ఆ రోజు కూడా."

"మరైతే ఇంటికి వచ్చీసుండొచ్చు కదా."

ముప్ఫై ఏళ్లు రూల్సు చెప్పిన మనిషిని నేను. తెచ్చిన కాగితాలు సంచీలో సర్దుకున్నాను.

సాయంత్రం నన్ను సాగనంపడానికి ఆవిడ ఆటోలో కల్వర్టు దాకా వచ్చింది. ముందు రోజు వాన పడి గొయ్యిలో నీళ్లు నిలిచాయి. నేను ఇవతలికొచ్చి బస్సెక్కాను. కిటికీలోంచి వెనక్కి చూస్తే ఆవిడ అలవాటు చొప్పున ఖాళీ క్యాను పట్టుకుని గొయ్యికి అవతలే నిలబడి ఉంది, కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని.